అమెరికా స్వాతంత్ర్య పోరాట సైనికుడి సమాధి పాడైపోతోంది, ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా ఇంటి దగ్గర పాత చర్చి శ్మశానంలో, బ్రిటిష్ వాళ్ల మీద పోరాటంలో జార్జ్ వాషింగ్టన్ నడిపిన కాంటినెంటల్ సైన్యంలో పనిచేసిన ఒకాయన సమాధి ఉంది. ఎర్రటి ఇసుకరాయి. పైన చెక్కిన రెక్కల ముఖం ఇంకా స్పష్టంగానే ఉంది గానీ, కింద అక్షరాలు పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. ఇంటిపేరు సగం ఇప్పటికే పోయింది. మెమోరియల్ డేకి (చనిపోయిన సైనికులను తలచుకునే రోజు) చుట్టుపక్కల సమాధుల మీద చిన్న జెండాలు కనిపిస్తాయి, ఈయనకి మాత్రం ఎవరూ పెట్టరు. చూస్తే బాధేస్తుంది. ఈ దేశంలో బతుకుతున్నాం, ఇది మన బాధ్యత కూడా అనిపిస్తోంది.

గుర్తు లేని సమాధులకు వెటరన్స్ శాఖ (మాజీ సైనికుల ప్రభుత్వ శాఖ) ఉచితంగా రాయి ఇస్తుందని, 1917 ఏప్రిల్ 6కి ముందే సర్వీసు ముగిసినవాళ్ల కోసం బంధువులే కాదు, ఎవరైనా అప్లై చేయొచ్చని చదివాను. మరి రాయి ఉండి, చదవడానికి వీల్లేకపోతే ఇస్తారా? రుజువుగా నేషనల్ ఆర్కైవ్స్‌లోని పెన్షన్ ఫైల్ సరిపోతుందా?

బ్లీచ్, వైరు బ్రష్ అసలు వాడకూడదని తెలుసు. ఇలా పొరలు లేచే రాయిని నిపుణులు వచ్చేదాకా ముట్టుకోకపోవడమే మంచిదని నా ఉద్దేశం. పాత రాయిని కదపకుండా పక్కన కొత్తది పెట్టించినవాళ్లు ఉన్నారా? సన్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ (ఆ పోరాటంలో పాల్గొన్నవాళ్ల వారసుల సంఘం) వాళ్లతో సమాధి దగ్గర మార్కర్ (గుర్తు ఫలకం) పెట్టించిన అనుభవం ఉంటే, ముందు చర్చి అనుమతి తీసుకోవాలా, వాళ్లనే కలవాలా, దయచేసి చెప్పండి.