చేతిలో ఒక ఆఫర్, ఇంకో కంపెనీ కూడా పిలుస్తోంది: గడువు లోపల ఏం చేయాలి?

కొత్తమలుపు:
ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. సంతకానికి ఐదు పనిదినాలు ఇచ్చారు. ఇంకో కంపెనీలో రెండు రౌండ్లు అయ్యాయి, ఇంకో రెండు ఉన్నాయంటున్నారు. పని, టీమ్ రెండోచోటే నచ్చాయి. జీతం కూడా పాతిక శాతం దాకా ఎక్కువ రావచ్చు, కానీ కాగితం మీద ఏమీ లేదు. ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా చేయలేదు. మొదటివాళ్లను ఆపడం ఎలా, రెండోవాళ్లను తొందరపెట్టడం ఎలా, రెంటినీ పోల్చేటప్పుడు ఏమేం చూడాలి? "మీ మనసు చెప్పింది వినండి" తరహా సలహాలు మాత్రం వద్దండి.

పచ్చసిరా:
ముందు రెండోవాళ్లకు ఈరోజే రాయండి. చాలామంది మొదటి కంపెనీని గడువు అడగడంతో మొదలుపెడతారు, అది తలకిందుల పద్ధతి. ఎన్ని రోజులు పడుతుందో రెండోవాళ్లు చెబితే గానీ మొదటివాళ్లను ఎంత అడగాలో తెలియదు కదా.

మెయిల్ ఇంతకన్నా పొడవు ఉండక్కర్లేదు: "నాకు వేరే సంస్థ నుంచి రాతపూర్వకంగా ఆఫర్ వచ్చింది. ఫలానా తేదీలోగా జవాబివ్వాలి. మీ దగ్గరి పోస్టు మీదే నాకు ఎక్కువ ఆసక్తి. మిగిలిన రౌండ్లు ఆ తేదీకి రెండు రోజుల ముందే పూర్తయ్యే వీలుందా? ఏ సమయం ఇచ్చినా సిద్ధం." ఆసక్తి మాట నిజమైతేనే రాయండి. తీరా వాళ్లు హడావిడిగా అన్నీ పూర్తిచేశాక వెనక్కి తగ్గితే ఆ రిక్రూటర్ దగ్గర మళ్లీ మాట చెల్లదు.

రిక్రూటర్‌కు పంపండి, హైరింగ్ మేనేజర్‌కు నేరుగా వద్దు. పంపిన రోజే ఒక ఫోన్ కూడా చేయండి. మొదటి కంపెనీ పేరు, జీతం అంకె ఈ దశలో చెప్పక్కర్లేదు. తేదీ చెబితే చాలు.

నాలుగోరౌండు:
పైన చెప్పిన "రెండు రోజుల ముందు" ఊరికే పెట్టింది కాదు. ఆఖరి రౌండ్ అయ్యాక ఇంటర్వ్యూ చేసినవాళ్ల ఫీడ్‌బ్యాక్ సిస్టంలో పడాలి, గ్రేడ్ తేలాలి, జీతానికి ఫైనాన్స్ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే లెటర్. ఇంటర్వ్యూలను కుదించడం సులువు. రెండు రౌండ్లు ఒకే రోజు పెట్టేస్తారు. కుదించలేనిది ఈ ఆమోదాల గొలుసు. సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉంటే అంతే సంగతులు.

అందుకే రిక్రూటర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. ఆఖరి రౌండ్ తర్వాత లెటర్ రావడానికి మామూలుగా ఎన్ని రోజులు? ఇది కొత్తగా పెట్టిన పోస్టా, ఎవరో వెళ్లిపోతే ఖాళీ అయినదా? ఖాళీ అయిన పోస్టుకు సాధారణంగా బడ్జెట్ ముందే ఉంటుంది. కొత్త పోస్టయితే మధ్యలో "హోల్డ్" పడే, అంటే నియామకం తాత్కాలికంగా ఆగిపోయే అవకాశం ఎక్కువ.

ఇక ఆసక్తి నిజమా కాదా అన్నది మాటల్లో తెలియదు. "మీ ప్రొఫైల్ అందరికీ నచ్చింది" అనడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు. గడువు చెప్పిన ఒక్క పనిదినంలో ఇంటర్వ్యూ సమయాలు పంపితే, జాయినింగ్ తేదీ అడిగితే, రిఫరెన్సులు అడిగితే అది ఆసక్తి. "త్వరలో చెబుతాం", "లోపల మాట్లాడుతున్నాం" అని రెండు రోజులు గడిపితే, మీకన్నా ముందు వరుసలో ఇంకొకరు ఉన్నారని, మిమ్మల్ని అదనంగా పెట్టుకున్నారని అనుకోవడమే క్షేమం.

దారిపక్క:
మొదటి కంపెనీని గడువు అడిగే పద్ధతి. "ఇంకొంచెం టైమ్ కావాలి" అంటే "ఎందుకు?" అంటారు, అక్కడ తడబడతారు. తేదీ, కారణం రెండూ మీరే ఇవ్వండి: "ఆఫర్‌కు కృతజ్ఞతలు. నిబంధనలు పూర్తిగా చదివి, ఇంట్లో మాట్లాడి, వచ్చే బుధవారం సాయంత్రానికి ఖాయంగా జవాబిస్తాను." మూడు నుంచి ఐదు పనిదినాలు అదనంగా అడగడం మామూలే, అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. రెండు వారాలు అడిగితే మాత్రం ఇంకో ఆఫర్ కోసం చూస్తున్నారని వాళ్లకు అర్థమైపోతుంది.

నిజంగా తేల్చుకోవాల్సిన సందేహాలు ఉంటే ఇప్పుడే అడగండి: బీమా వివరాలు, బోనస్ నిబంధనల కాగితం, రిపోర్టింగ్ మేనేజర్‌తో ఇరవై నిమిషాల మాట. జవాబులు రావడానికి ఎలాగూ రెండు రోజులు పడుతుంది, ఆ సమాచారం మీకు కావాల్సిందే కూడా. మరో సంగతి: ఒక్కసారే అడగండి. రెండోసారి అడిగితే ఇచ్చినా ముఖం చిట్లించి ఇస్తారు.

గడువు తేదీ పక్కన సమయం, టైమ్ జోన్ ఉన్నాయేమో చూసుకోండి. వేరే దేశంలో ఉన్న హెచ్‌ఆర్ పంపిన ఆన్‌లైన్ సంతకం లింక్ వాళ్ల అర్ధరాత్రికి మూసుకుపోవచ్చు, మీ అర్ధరాత్రికి కాదు.

లెక్కలపద్దు:
వదులుకోవాలా వద్దా అన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. ఇప్పటి జీతం 80, చేతిలో ఉన్న ఆఫర్ 100, రాబోయేది 125 అనుకోండి. రెండోది వచ్చే అవకాశం ఎంతుంటే మొదటిది వదలొచ్చు? మొదటిది వదిలేస్తే పోగొట్టుకునేది 100 – 80 = 20. రెండోది వస్తే ఇప్పటికన్నా పెరిగేది 125 – 80 = 45. 20ని 45తో భాగిస్తే 0.44. అంటే 44 శాతానికి పైగా నమ్మకం ఉంటేనే.

రెండు రౌండ్లు మిగిలి ఉన్నాయి. ఒక్కోటి దాటే అవకాశం 60 శాతం అనుకుంటే రెండూ దాటేది 36 శాతం. ఆమోదాలు సకాలంలో వచ్చే అవకాశం 90 శాతం వేస్తే 32. కాబట్టి గడువు పెరగకపోతే మొదటిదే. ఇప్పుడు ఉద్యోగం లేనివాళ్లకైతే 80 స్థానంలో సున్నా, అప్పుడు 80 శాతం నమ్మకం కావాలి.

అడ్డగీత:
ఆ సున్నా ఒప్పుకోను. ఉద్యోగం లేకపోయినా జన్మంతా ఖాళీగా ఉండరు కదా. రెండేళ్ల లెక్క తీసుకోండి: 100 ఇచ్చే ఇంకో ఉద్యోగం నాలుగు నెలల్లో దొరుకుతుందనుకుంటే 24 నెలల్లో 20 నెలల జీతం, అంటే 83. అప్పుడు 17ని 42తో భాగిస్తే కావాల్సిన నమ్మకం 40 శాతమే. అయితే ఆ నాలుగు నెలలు తట్టుకునే పొదుపు ఉండాలి. పొదుపు లేకపోతే సగటు లెక్కలకు అర్థం లేదు, ఉన్న ఆఫర్ తీసుకోవడమే.

లెక్కలపద్దు:
ఒప్పుకుంటున్నా, రెండేళ్ల లెక్కే సరైనది. నాలుగు నెలలన్న అంకె మాత్రం ఎవరికి వాళ్లు నిజాయితీగా వేసుకోవాలి.

సగంచంద్రుడు:
గణితంలో దీనికి పేరున్న సమస్యే ఉంది కదా, సెక్రటరీ సమస్య. మొదటి 37 శాతం అవకాశాలను చూసి వదిలేసి, ఆ తర్వాత వాటన్నిటికన్నా మెరుగైనది కనిపించగానే తీసుకోవాలి. ఇక్కడ పనికొస్తుందా?

అడ్డగీత:
రాదండి. అందులో మొత్తం ఎన్ని అవకాశాలు వస్తాయో ముందే తెలియాలి, అన్నిటికన్నా గొప్పది తప్ప మిగతావన్నీ ఓటమి కింద లెక్క. ఉద్యోగాల్లో రెండో స్థానంలోది కూడా బాగానే ఉంటుంది.

కాగితంపులి:
అసలు ఆ 100, 125 ఎలా వచ్చాయో విప్పి చూడకుండా శాతాలు వేయడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం వ్యవహారమే. ఉదాహరణకు,

మొదటిది 100: స్థిర జీతం 85, వేరియబుల్ (పనితీరును బట్టి మారే భాగం) 15.
రెండోది 125: స్థిర జీతం 80, వేరియబుల్ 20, షేర్లు ఏడాదికి 15 (నాలుగేళ్లకు 60), జాయినింగ్ బోనస్ 10.

వేరియబుల్ గురించి "గత రెండేళ్లలో ఈ గ్రేడ్‌కు సగటున ఎంత శాతం చెల్లించారు?" అని అడగండి. మొదటిచోట 90 శాతం అంటే 13.5, రెండోచోట 60 శాతం అంటే 12. అప్పుడు మొదటిది 98.5. రెండోది స్థిరం, వేరియబుల్ కలిపి 92. జాయినింగ్ బోనస్ మొదటి ఏడాదికే, రెండో ఏడాది నుంచి అది ఉండదు. ఇక తేడా అంతా షేర్లలోనే ఉంది. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే 15 కలిపి 107 అనుకోవచ్చు. లిస్టవ్వని కంపెనీ అయితే సున్నా వేసుకోండి, వస్తే సంతోషం.

షేర్లలో మరో మెలిక వెస్టింగ్, అంటే ఇస్తామన్న షేర్లు విడతలవారీగా మీ సొంతం కావడం. ఎక్కువ చోట్ల నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాదు, నిండాక 25 శాతం ఒకేసారి, ఆపై నెలకో మూడు నెలలకో కొంత. పదకొండో నెలలో మానేస్తే చేతికి సున్నా. కొన్నిచోట్ల ఏడాదివారీగా 5, 15, 40, 40 శాతం అని వెనక బరువు పెడతారు. అలాగైతే 60లో మొదటి ఏడాది వచ్చేది 15 కాదు, 3. షేర్లు కాకుండా ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కు) ఇస్తే కొనాల్సిన ధర ఎంతో, మానేశాక కొనుక్కోవడానికి ఎన్ని రోజులు ఇస్తారో చూడండి. 90 రోజులన్నది చాలాచోట్ల కనిపిస్తుంది.

లెక్కలపద్దు:
ఈ అంకెలతో పాత లెక్క మళ్లీ వేస్తే: మొదటిది 98.5, రెండోది 107, ఇప్పటిది 80. 18.5ని 27తో భాగిస్తే 0.685. ఇందాక 44 శాతం నమ్మకం సరిపోయింది, ఇప్పుడు 68 దాటాలి. షేర్లకు సున్నా వేస్తే రెండోదాని కోసం ఆగడానికి డబ్బు కారణమే లేదు, పని నచ్చడం ఒక్కటే మిగులుతుంది. అది తక్కువేం కాదు, కానీ అలాగని తెలిసి ఆగాలి.

కొత్తమలుపు:
జాయినింగ్ బోనస్ తిరిగి ఇవ్వాలన్న నిబంధన మొదటి లెటర్లోనూ ఉంది. అందులో ఏం చూడాలి?

కాగితంపులి:
నాలుగు చూడండి. ఎన్ని నెలలు (12, 24 ఎక్కువగా కనిపిస్తాయి). ముందే మానేస్తే మొత్తం ఇవ్వాలా, మిగిలిన నెలల లెక్కన ఇవ్వాలా. పన్ను పోగా చేతికొచ్చినంతే ఇవ్వాలా, పన్నుతో కలిపిన మొత్తమా. వాళ్లే తీసేస్తే కూడా ఇవ్వాలా. ఎక్కువమందికి దెబ్బ తగిలేది మూడోదానితో: చేతికి 7 వచ్చి ఉంటుంది, 10 కట్టమంటారు. నాలుగోది లెటర్లో స్పష్టంగా లేకపోతే "సంస్థ తొలగిస్తే వర్తించదు" అన్న ఒక్క వాక్యం చేర్చమని అడగండి, ఇది పెద్ద బేరం కాదు.

పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉందేమో కూడా చదవండి. ఇలాంటివి ఎంతవరకు చెల్లుతాయన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది.

రెక్కలగడియారం:
ఇన్ని లెక్కలెందుకు, మొదటిదానికి సంతకం పెట్టేసి, రెండోది వస్తే వెళ్లిపోతే సరి. కంపెనీలు ఆఫర్లు వెనక్కి తీసుకోవట్లేదా?

నాలుగోరౌండు:
తీసుకుంటున్నాయి, నిజమే. కానీ ఎప్పుడు తప్పుకుంటారన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. సంతకం పెట్టిన రెండు మూడు రోజుల్లో అయితే వాళ్లు రెండో అభ్యర్థిని పిలుచుకుంటారు. చేరే రోజుకు ముందు వారం అయితే మిగతా అభ్యర్థులు అప్పటికే వేరేచోట చేరి ఉంటారు, మీ పేరు పక్కన సిస్టంలో ఒక గుర్తు పడుతుంది. ఆ మేనేజర్ రేపు ఇంకో కంపెనీకి మారినా పేరు గుర్తుంటుంది. మధ్యలో ఏజెన్సీ ఉంటే వాళ్ల కమీషన్ కూడా పోతుంది, ఆ ఏజెన్సీ మళ్లీ మీ రెజ్యూమె పంపదు. సంతకం పెట్టినది ఆఫర్ లెటరా, నోటీస్ షరతు ఉన్న పూర్తి ఒప్పందమా అన్నది కూడా చూడండి. పూర్తి ఒప్పందమైతే బయటపడే పద్ధతి అందులోనే రాసి ఉంటుంది.

దారిపక్క:
నా మటుకు, సంతకం పెట్టాక వెతుకులాట ఆపడమే మేలు. అంతగా రెండోదే కావాలనుకుంటే గడువు రోజున మొదటిదానికి "కాదు" అనే ధైర్యం ఉండాలి.

రెక్కలగడియారం:
ధైర్యంతో అద్దె కట్టలేం కదండీ.

పచ్చసిరా:
ఇద్దరి మాటా ఉంచి, రాజీనామా వరస చెబుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. ఫోన్లో "మీరు సెలెక్ట్ అయ్యారు" అంటే ఆఫర్ కాదు. లెటర్ వచ్చినా అందులో "బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు (చదువు, పాత ఉద్యోగాల వివరాల తనిఖీకి) లోబడి" అని ఉంటే అది షరతులతో ఉన్న ఆఫర్. వెరిఫికేషన్ పూర్తయిందని మెయిల్ వచ్చాకే రాజీనామా ఇవ్వండి. వాళ్లు "ముందు రాజీనామా చేసిన రుజువు పంపండి" అంటే, వెరిఫికేషన్‌లో ఇప్పటి కంపెనీ తప్ప మిగతావన్నీ ముందే పూర్తిచేయమని అడగండి. అలా చేయడం మామూలే.

నోటీస్ పీరియడ్ కూడా కలిపి చూసుకోండి. మీది 90 రోజులై, కొత్తవాళ్లు 45 రోజుల్లో రమ్మంటే మిగతా 45 రోజులకు డబ్బు ఎవరు కడతారో లెటర్లో ఉండాలి. "మేం చూసుకుంటాం" అని ఫోన్లో అన్న హెచ్‌ఆర్ ఆ సమయానికి అక్కడ పనిచేస్తూ ఉంటారన్న హామీ లేదు.

కొత్తమలుపు:
రెండోవాళ్లకు రాశాను. రేపు ఒకే రోజు రెండు రౌండ్లు పెట్టారు. లెటర్‌కు నాలుగు పనిదినాలు పడుతుందట. మొదటివాళ్లను మూడు రోజులు అదనంగా అడిగాను, ఇచ్చారు. ఇప్పుడు రెండోవాళ్లు "మీకొచ్చిన ఆఫర్ ఎంత?" అంటున్నారు.

నాలుగోరౌండు:
అబద్ధం అంకె వద్దు, లెటర్ చూపించమనే హక్కు వాళ్లు తీసుకుంటారు. రెండు దారులున్నాయి. చెప్పదలిస్తే మొత్తం ఒక్కటే కాకుండా స్థిర జీతం ఎంతో విడిగా చెప్పండి, అప్పుడు వాళ్లు పోటీ పడేది అక్కడే, షేర్లలో కాదు. చెప్పకూడదనుకుంటే, "ఆ లెటర్లో గోప్యత షరతు ఉంది, నేను ఆశిస్తున్న స్థిర జీతం ఇది" అని మీ అంకె ఇవ్వండి. షరతు నిజంగా ఉంటేనే సుమా. లేకపోతే ఆ మొదటి ముక్క తీసేసి అంకె మాత్రమే చెప్పినా చాలు.

దారిపక్క:
చివరికి ఏది వద్దనుకున్నా అదే రోజు చెప్పేయండి, ముందు ఫోన్, వెంటనే మెయిల్. ఎక్కడ చేరుతున్నారో, జీతం తేడా ఎంతో చెప్పక్కర్లేదు. కారణం అడిగితే ఒక్క వాక్యం. రెండు వాక్యాలు చెబితే మూడోదానితో వాళ్లు బేరం మొదలుపెడతారు.