‘వంత పాడటం’ అంటే తల ఊపడమేనా?

తమ అపార్ట్‌మెంటు సంక్రాంతి సంబరాల ఆహ్వానపత్రంలో ‘కోరస్’ అనే మాటకు బదులుగా ‘వంత’ అని అచ్చు వేయిస్తే, పాటలో గొంతు కలపవలసిన నలుగురు మహిళలు నొచ్చుకుని ‘మేమేమైనా ఒకరికి వంత పాడేవాళ్ళమా?’ అని అడిగారని మన సభ్యురాలొకరు నిన్న ఇక్కడ రాశారు. ఆ మాటను తీసివేయాలా, ఉంచాలా అన్నది వారి ప్రశ్న. ఉంచాలన్నదే నా అభిప్రాయం. అయితే నొచ్చుకున్నవారిని తప్పుపట్టను. ఫలానా నాయకుడి మాటకు ఫలానా వారు వంత పాడారని రోజూ చదివీ వినీ, ఆ మాటలో పాట ఉందన్న సంగతినే మనం మరచిపోయాం.

కావ్యాలలో ‘వంత’ అంటే దుఃఖం. అది వేరే మాట, దీనితో కలపకూడదు. మన చర్చలోని వంతకు ‘వంతు’తోనే చుట్టరికం ఉన్నట్టు నాకు తోస్తుంది. ఒకరు పాడి ఆపిన చోట మరొకరు తమ వంతుగా అందుకోవడమే కదా ఇక్కడ జరిగేది.

బుర్రకథను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో శ్రీరామనవమి పందిళ్ళలో తెల్లవారేదాకా కథ నడిచేది. భుజాన తంబురా, చేతివేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలతో కథకుడు నడుమ నిలబడితే, అటొకరు ఇటొకరు వంతలు డక్కీలు వాయిస్తూ ఉండేవారు. కథకుడు పాదం ముగించగానే వారు ‘తందాన తాన’ అని అందుకునేవారు. ఆ రెండు మాటల వ్యవధిలోనే కథకుడు ఊపిరి పీల్చుకునేవాడు, తర్వాతి పాదాన్ని గుర్తు చేసుకునేవాడు, జనం ముఖాలు చూసి కథను ఎంత సాగదీయాలో నిర్ణయించుకునేవాడు. వంత ఒక్క క్షణం తడబడితే కథ మొత్తం కుంటుపడేది.

పైగా బుర్రకథలో ఇద్దరు వంతల పనీ ఒకటి కాదు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు కథలోని సందర్భాన్ని వర్తమాన రాజకీయాలతో ముడిపెట్టి వ్యాఖ్యానిస్తారు. ‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడిగేదీ, ‘అదెలా కుదురుతుంది?’ అని అడ్డుపడేదీ, వినేవారి మనసులోని సందేహాన్ని కథకుడి ముందు పెట్టేదీ వంతలే. ప్రశ్నించడం, నవ్వించడం, అవసరమైతే కథను ఆపి నిలదీయడం తన పనిగా గలవాడి పేరును, ఏ ప్రశ్నా వేయకుండా తల ఊపేవాడికి పెట్టుకున్నాం. ఈ కళను రాష్ట్రమంతటా జనంలోకి తీసుకువెళ్ళిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు తెలిసిన మనలో ఎందరం ఆయన పక్కన నిలబడి పాడిన వంతల పేర్లు చెప్పగలం? ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

సినిమా పాటల పుస్తకాలలో కూడా ఇదే తీరు కనబడుతుంది. ‘గానం: ఘంటసాల, పి. సుశీల, బృందం’ అని ఉంటుంది తప్ప ఆ బృందంలో ఎవరున్నారో ఉండదు. అయినా పెళ్ళి ఊరేగింపులోనో, బస్సులోనో, వంటింట్లోనో మనం పాటను అందుకునేటప్పుడు చాలాసార్లు మన నోట ముందుగా వచ్చేది ఆ బృందం పాడిన ముక్కే. ప్రధాన గాయకుడి సంగతులూ గమకాలూ అందరికీ పలకవు. వంత పాడిన వరస మాత్రం పిల్లలకు కూడా పలుకుతుంది. గద్దర్ వేదిక మీద ఒక పాదం పాడి ఆగితే వెనుక ఉన్న దళంతోపాటు ఎదుట ఉన్న జనం కూడా దాన్ని అందుకునేవారు. ఆ క్షణంలో మైదానం మొత్తం వంతే. పాట జనం సొత్తు కావడమంటే నాకు తెలిసినంతవరకు అదే.

నింద ఒక్క వంతకే పరిమితం కాకపోవడం కూడా గమనించదగ్గది. ‘తాన అంటే తందాన’, ‘డప్పు కొట్టడం’, ‘బాకా ఊదడం’, ‘భజన చేయడం’ అన్నీ ఎత్తిపొడుపులే. అదే ముందు నిలబడి పాడేవారి విషయానికి వస్తే ‘గళం విప్పారు’, ‘గొంతెత్తారు’ అని గౌరవంగా రాస్తాం. డప్పు వాయించేవారిని, ఊరికి చాటింపు వేసేవారిని తక్కువ చేసి చూసిన సమాజమే వారి వాద్యాన్ని తిట్టుగా మార్చిందని నేను నమ్ముతున్నాను. అందువల్ల ‘డప్పు కొట్టడం’ అనే నిందను నేను రాతలో వాడటం మానుకున్నాను.

‘కోరస్‌కు బృందగానం అంటే సరిపోతుంది కదా’ అని మరొక మిత్రుడు సూచించారు. ఆ మాట మంచిదే గాని ఈ సందర్భానికి అతకదు. అందరూ కలిసి మొదటి నుంచి చివరి వరకు ఒకేసారి పాడితే అది బృందగానం. ఒకరు పాడిన తర్వాత మిగిలినవారు అందుకుంటే అది వంత. సభ్యురాలు రాసినదాన్ని బట్టి, ఆ నలుగురూ ప్రతి చరణం చివరా పల్లవిని తిరిగి అందుకుంటారు, చివరి చరణాన్ని మాత్రం అయిదుగురూ కలిసి పాడతారు. కాబట్టి అచ్చులో ‘వంత’ అనే ఉంచి, దాని పక్కన ఆ నలుగురి పేర్లనూ ప్రధాన గాయని పేరు ఉన్నంత పెద్ద అక్షరాలతోనే వేయించమని నా మనవి.