‘ఎస్కేప్ ఫ్రమ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ – భూమి పేలిపోయాక ఈ చింపాంజీలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ప్రశ్న: ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమాల్లో రెండో భాగం చివర్లో భూమే బూడిదైపోయింది కదండీ. మరి 1971లో వచ్చిన ఈ మూడో భాగంలో చింపాంజీ దంపతులు జీరా, కార్నీలియస్ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? పైగా మొదటి సినిమాలో ఏడాది 3978, ఇక్కడేమో 3955. కథ 1973లో నడుస్తుంది కాబట్టి దీంతోనే మొదలెట్టి చూడొచ్చా?

జవాబు 1: దీంతో మొదలెట్టకండి, మొదటి సీనే చప్పబడిపోతుంది. కాలిఫోర్నియా తీరంలో నౌక పడుతుంది. లోపల్నుంచి ముగ్గురు వ్యోమగాములు దిగితే మిలటరీవాళ్ళు మర్యాదగా స్వాగతం చెప్తారు. హెల్మెట్లు తీస్తారు, మూడూ చింపాంజీ మొహాలే! ఆ మొహాలతో మీకు పాత పరిచయం ఉంటేనే అది పండుతుంది. విడుదలైన వరసే సరైన వరస: 1968, 1970, 1971, 1972, 1973.

ఇక రాకడ సంగతి. మొదటి సినిమాలో వచ్చిన మనిషి వ్యోమగామి టేలర్ నౌకని డాక్టర్ మైలో అనే చింపాంజీ బాగుచేశాడు. ముగ్గురూ అందులో ఎగిరాక కింద భూమి పేలింది, ఆ తాకిడికి కాలంలో వెనక్కొచ్చి పడ్డారు. మొదటి సినిమాలో ఆ నౌక నీళ్ళలో మునిగిపోయింది. కాగితం విమానం చూసి నోరెళ్ళబెట్టినవాళ్ళు దాన్నెలా పైకి తీశారు, ఎలా నడిపారు అంటే, ఒక్క డైలాగుతో దాటేశారు. అది స్క్రిప్టులో బొక్కే, లోతుగా వెతకొద్దు.

3978 మొదటి సినిమాలో నౌక గడియారం చూపించిన ఏడాది. రెండో సినిమా దాన్ని 3955 చేసింది, మూడోది దాన్నే పట్టుకుంది. పొరపాటే తప్ప చిక్కుముడి కాదు.

జవాబు 2: పై జవాబుకి ఒక చేర్పు. విచారణ సీన్లలో కార్నీలియస్ చెప్పే చరిత్ర జాగ్రత్తగా వినండి. కుక్కలూ పిల్లులూ తెగులొచ్చి చచ్చాయి, జనం కోతుల్ని తెచ్చుకున్నారు, శతాబ్దాల తర్వాత ఆల్డో అనే కోతి మొదటిసారి ‘నో’ అంది. 1972 సినిమాలో అదంతా 1991కల్లా అయిపోతుంది, ‘నో’ అనేది కూడా వేరే కోతి. వీళ్ళ రాకతోనే చరిత్ర తొందరపడిందా, లేక ఇదంతా ఒకే చక్రమా? నా ఓటు మొదటిదానికి.

ఇంకోటి, సర్కస్‌లో జీరా బిడ్డకీ అక్కడి చింపాంజీ పిల్లకీ మార్పిడి జరిగిందని చివరి షాట్ దాకా తేల్చరు. అక్కడ లేచి వెళ్ళిపోతే నాలుగో భాగం అర్థం కాదు. ఆ జీరా బిడ్డే నాలుగో భాగంలో సీజర్, ఇక్కడ మాత్రం పేరు మైలో.

ప్రశ్న: రెండో భాగంలో కార్నీలియస్ తేడాగా అనిపించాడు?

జవాబు 1: నటుడే వేరు. అందులో డేవిడ్ వాట్సన్. మొదటిదానిలో, మూడోదానిలో రాడీ మెక్‌డవల్.

జవాబు 2: ప్రశ్నకి సంబంధం లేదు గానీ, నాలుగో భాగం (1972) డిస్కు కొనేటప్పుడు మొదట తీసిన ముగింపు ఉన్న బ్లూరేనే చూసుకోండి. థియేటర్‌కి ఇచ్చినదానిలో సీజర్ ఆఖరి ప్రసంగాన్ని మెత్తబరిచారు. కెమెరా కళ్ళ మీదే ఉంటుంది, పెదాలు కనపడవు. కొత్త మాటలు అతికించింది అక్కడే.