సున్ యింగ్‌షా ఎదుగుదలలో వ్యవస్థ వాటా ఎంత, ఆమె వాటా ఎంత?

బెజవాడ టీటీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కళాశాల స్థాయిలో టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాను. కొంతకాలంగా చైనా క్రీడాకారిణి సున్ యింగ్‌షా పాత మ్యాచ్‌లను తొలినాళ్ల నుంచి వరుసగా చూస్తూ వస్తున్నాను. 2017లో టోక్యోలో జరిగిన జపాన్ ఓపెన్‌లో, 16 ఏళ్ల వయసులో, ఫైనల్లో తన దేశానికే చెందిన చెన్ మెంగ్‌ను ఓడించి ఆమె సింగిల్స్ గెలిచింది. అదే టోర్నీలో అదే చెన్ మెంగ్‌తో జతకట్టి డబుల్స్ కూడా గెలిచింది. అప్పటికి చైనా బయట ఆమె పేరు విన్నవారు తక్కువ. అక్కడి నుంచి అయిదేళ్లలో, 2022 జులైకి ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ స్థానాన్ని వదల్లేదు.

మా క్లబ్బులో ఈ విషయం ఎత్తగానే, "అక్కడి వ్యవస్థ అలాంటిది, ఎవరినైనా అలా తయారు చేస్తారు" అని తేల్చేస్తారు. ఆ మాటతో నాకు తృప్తి కలగడం లేదు. అదే వ్యవస్థలో అదే శిక్షణ పొందిన అమ్మాయిలు ఎందరో ఉండగా ఈమే ఎందుకు పైకి వచ్చింది? రెండో సందేహం కూడా ఉంది. అంతటి క్రీడాకారిణి 2024 ఫిబ్రవరిలో బుసాన్‌లో, ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్‌లో, 155వ ర్యాంకులో ఉన్న మన ఐహికా ముఖర్జీ చేతిలో ఎలా ఓడిపోయింది? ఆటను దగ్గరగా గమనించేవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

మాజీ శిక్షకుడు:

మీ క్లబ్బువారి మాటలో సగం నిజం ఉంది కాబట్టి ముందు ఆ సగం గురించే చెబుతాను. సున్ యింగ్‌షా 2000 నవంబరులో హెబెయ్ రాష్ట్ర రాజధాని షిజియాజువాంగ్‌లో పుట్టింది. అయిదేళ్లకే బ్యాట్ పట్టి, చిన్న వయసులోనే హెబెయ్ రాష్ట్ర జట్టులో చేరి, 2015లో జాతీయ రెండో జట్టుకు, 2017లో మొదటి జట్టుకు చేరింది. రాష్ట్ర జట్టు, జాతీయ రెండో జట్టు, మొదటి జట్టు అనే ఈ అంచెలు ఒక్కొక్కటీ ఒక్కొక్క వడపోత. మొదటి జట్టులో చేరినవారికి ప్రత్యేకంగా సాధన సహచరులు ఉంటారు. వారిలో కొందరి పని అచ్చంగా విదేశీ ప్రత్యర్థుల శైలిని అనుకరిస్తూ ఆడడమే. జపాన్‌కు చెందిన మిమా ఇటో లాంటి విలక్షణమైన ఆటను ఎదుర్కోవలసి వస్తే, అలాంటి బంతులను ముందే వేలకొద్దీ ఆడి ఉంటారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో సున్ ఆ ఇటోనే 4-0తో ఓడించింది. రెండో గేములో 3-9తో వెనకబడి కూడా 11-9తో ఆ గేము తీసుకుంది. ఆ తిరుగుదల ఒక్క సాధన వల్ల వచ్చినది కాదని ఆ మ్యాచ్ చూసినవారు ఎవరైనా ఒప్పుకుంటారు.

ఇక మిగిలిన సగం. ఆమె ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. జట్టులో ఆమెకు ప్రధాన పోటీదారు అయిన వాంగ్ మాన్యు ఆమెకన్నా చాలా పొడగరి, చేతులు పొడవు. బల్లకు దూరంగా జరిగి ఆడితే సున్‌కు బంతి అందదు కాబట్టి ఆమె బల్లను అంటిపెట్టుకుని, బంతి పైకి లేస్తుండగానే కొట్టడం నేర్చుకుంది. బల్ల దగ్గర నిలబడి ఆడే మహిళల్లో చాలామంది బ్యాక్‌హ్యాండ్‌తో వేగంగా, కొంచెం చదునుగా కొట్టి పాయింట్లు తెచ్చుకుంటారు. సున్ మాత్రం అదే చోట నిలబడి, ఫోర్‌హ్యాండ్‌తో పురుషుల ఆటలో కనిపించేంత బరువైన టాప్‌స్పిన్ (బంతి ముందుకు గట్టిగా తిరిగేలా కొట్టే దెబ్బ) వేస్తుంది. అంత తక్కువ దూరంలో, అంత తక్కువ సమయంలో అంత స్పిన్ పుట్టాలంటే బలం చేతిలో ఉంటే చాలదు, అది కాళ్ల నుంచి, నడుము నుంచి రావాలి. మీరు ఆడేవారు కాబట్టి ఒక పని చేసి చూడండి. ఆమె మ్యాచ్‌లో ఒక గేము పూర్తిగా బంతిని వదిలేసి ఆమె పాదాలను మాత్రమే చూడండి. ప్రతి దెబ్బ తరువాత ఆమె ఎంత త్వరగా మధ్యకు తిరిగి వస్తుందో, ఎంత చిన్న అడుగులతో వస్తుందో గమనించండి. వ్యవస్థ ఇవ్వగలిగింది శిక్షణ. తన ఎత్తుకు తగిన ఆటను ఇంత పూర్తిగా కట్టుకోవడం మాత్రం ఆమె తెలివి.

నారాయణగూడ పాఠకురాలు:

శిక్షకులవారు సాంకేతిక వివరాలు చక్కగా చెప్పారు. బుసాన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అయిదు సింగిల్స్ మ్యాచ్‌లతో తేలే ఆ భారత్-చైనా జట్ల పోరులో మా హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ కూడా ఉంది.

మొదటి మ్యాచ్‌లో ఐహిక 12-10, 2-11, 13-11, 11-6తో సున్‌ మీద గెలిచింది. దాన్ని అదృష్టం అనడం ఐహికకు అన్యాయం. ఆమె బ్యాక్‌హ్యాండ్ వైపు వాడేది సాధారణమైన రబ్బరు కాదు, స్పిన్‌ను పట్టుకోని రబ్బరు. సున్ ఎంత బరువైన టాప్‌స్పిన్ వేస్తే అంతగా ఆ బంతి వింతగా తిరిగి వస్తుంది. ఒకసారి నేలబారుగా జారుతుంది, ఒకసారి చచ్చినట్టు ఆగుతుంది. బరువైన స్పిన్ మీద ఆధారపడే క్రీడాకారిణికి తన బలమే ఇబ్బంది అయ్యే పరిస్థితి అది. రెండో గేములో సున్ 11-2తో పరిష్కారం కనుక్కున్నట్టే కనిపించినా, ఐహిక వెంటనే వేగం మార్చి, ఫోర్‌హ్యాండ్‌తో దాడి పెంచి మళ్లీ చిక్కులో పెట్టింది. అంతకు కొన్ని నెలల ముందే హాంగ్జౌ ఆసియా క్రీడల్లో సుతీర్థా ముఖర్జీతో కలిసి ఐహిక, ప్రపంచ చాంపియన్లయిన చెన్ మెంగ్, వాంగ్ యిడి జంటను ఓడించి కాంస్యం తెచ్చిందని గుర్తుపెట్టుకుంటే, చైనా వారికి ఆమె ఆట కొత్త కాకపోయినా ఎంత కష్టమో అర్థమవుతుంది.

రెండో మ్యాచ్ చైనా గెలిచినా, తరువాత శ్రీజ మూడు వరుస గేముల్లో వాంగ్ యిడిని ఓడించడంతో భారత్ 2-1తో ముందుకు వచ్చింది. ఆ క్షణంలో ఇక్కడ మేము పొందిన ఆనందం చెప్పలేనిది. అయితే మీ ప్రశ్నకు సంబంధించిన అసలు సంగతి ఆ తరువాత జరిగింది. నాలుగో మ్యాచ్ సున్‌ది. ప్రపంచ మొదటి ర్యాంకు క్రీడాకారిణి, అదే రోజు అందరి ముందూ ఓడి, ఇప్పుడు తాను ఓడితే జట్టే ఓడుతుందన్న స్థితిలో మన మనికా బత్రా మీద ఆడడానికి బల్ల దగ్గరకు వచ్చింది. ఆ మ్యాచ్ గెలిచింది. చివరి మ్యాచ్ వాంగ్ మాన్యు గెలవడంతో చైనా 3-2తో బయటపడింది. సున్ గొప్పతనం చూపడానికి నేను ఆమె గెలిచిన ఏ ఫైనల్‌కన్నా ముందు ఈ నాలుగో మ్యాచ్‌నే చూపిస్తాను.

పారిస్ ఒలింపిక్స్‌లో శ్రీజ మళ్లీ ఆమెకు ఎదురుపడింది. 2024 జులై 31, శ్రీజ పుట్టినరోజు, చివరి 16 మంది దశ. స్కోరు 4-0 అని చూసి అది ఏకపక్షం అనుకోకండి. మొదటి రెండు గేములు 12-10, 12-10. శ్రీజ సర్వీస్‌లకూ, పింపుల్స్ రబ్బరుతో (బుడిపెలు పైకి ఉండే రబ్బరు) ఆమె ఆడే బ్యాక్‌హ్యాండ్‌కూ సున్ ఆ రెండు గేముల్లో చాలా ఇబ్బంది పడింది. మూడోది 11-8, నాలుగోది 11-3. గేము గేముకూ ప్రత్యర్థిని చదివి తన ఆటను సర్దుకున్న తీరు ఆ అంకెల్లోనే కనిపిస్తుంది.

బెజవాడ టీటీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బుసాన్ నాలుగో మ్యాచ్ సంగతి నేను పట్టించుకోలేదు, ఇప్పుడు వెతికి చూస్తాను. ఇంకొక్క సందేహం. ఇంత చెప్పాక కూడా ఆమెకు ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణం లేదు. టోక్యోలోనూ పారిస్‌లోనూ ఫైనల్లో చెన్ మెంగ్ చేతిలో 4-2తో ఓడింది. పెద్ద వేదిక మీద ఆమెలో ఏదో లోటు ఉందని కొందరు రాస్తున్నారు. అది న్యాయమేనా?

మలక్‌పేట సాయంత్రాలు:

నా అభిప్రాయంలో న్యాయం కాదు. మహిళల సింగిల్స్‌లో 1988 నుంచి ప్రతి ఒలింపిక్ స్వర్ణమూ చైనాదే. సింగిల్స్‌లో ఒక దేశం నుంచి ఇద్దరికే అవకాశం. కాబట్టి చైనా క్రీడాకారిణికి అతి కఠినమైన పోటీ ఒలింపిక్ బల్ల మీద కాదు, ఆ ఇద్దరిలో ఒకరు కావడంలో ఉంది. టోక్యోకు సింగిల్స్ జట్టులో చోటు దొరికినప్పుడు సున్ వయసు 20. 2019 ప్రపంచ చాంపియన్ ల్యూ షివెన్‌కు ఆ చోటు దొరకలేదు. ఆ వడపోతను 20 ఏళ్లకే దాటినదాన్ని పెద్ద వేదికకు చాలదని అనడం నాకు సబబుగా తోచదు.

ఆమె ఓడిన పెద్ద ఫైనళ్లను ఒకసారి చూడండి. టోక్యోలో చెన్ మెంగ్, 2021 హ్యూస్టన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వాంగ్ మాన్యు, పారిస్‌లో మళ్లీ చెన్ మెంగ్. ఆ ఇద్దరూ బయటివారు కారు. రోజూ ఒకే హాలులో సాధన చేసే సహచరులకు ఆమె ఏ సర్వీస్ ఎప్పుడు వేస్తుందో, ఒత్తిడిలో బంతిని ఎటు తిప్పుతుందో బాగా తెలుసు. పైగా చెన్ మెంగ్ అనుభవం గల, నిదానమైన, తప్పులు చేయని క్రీడాకారిణి. పారిస్ ఫైనల్‌లో ఆమె సర్వీస్‌లను తిప్పికొట్టిన తీరు అద్భుతం. సున్ గొప్పతనం చెప్పడానికి చెన్ మెంగ్ గెలుపును తక్కువ చేయనవసరం లేదు.

నిజానికి ఆ ఫైనల్‌లో నన్ను బాధపెట్టినది ఫలితం కాదు, ప్రేక్షకులు. సున్ అభిమానులు హాలులో చెన్ మెంగ్‌ను ఎగతాళి చేశారు, ఆన్‌లైన్‌లో దూషణలు ఎంతకు వెళ్లాయంటే బీజింగ్ పోలీసులు ఒక మహిళను అదుపులోకి తీసుకోవలసి వచ్చింది. ఒకే జెండా కింద ఆడే ఇద్దరు క్రీడాకారిణుల మధ్య అభిమానులు గోడ కట్టారు. ఇంత ప్రేమ మోయడం కూడా ఒక భారమే, ఆ భారం మోసింది 23 ఏళ్ల అమ్మాయి. అదే ఒలింపిక్స్‌లో ఆమె వాంగ్ చుచిన్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. టోక్యోలో జపాన్‌కు పోయిన ఆ స్వర్ణం చైనాకు అదే మొదటిసారి. తరువాత టీమ్ స్వర్ణం కూడా గెలిచింది. మూడు విభాగాల్లోనూ చివరి రోజుల వరకూ ఆడింది.

సింగిల్స్ పట్టికలో ప్రపంచ చాంపియన్‌షిప్‌ల వైపు చూస్తే చిత్రం వేరు. 2023లో డర్బన్‌లో ఫైనల్లో చెన్ మెంగ్‌ను, 2025లో దోహాలో 4-3తో వాంగ్ మాన్యును ఓడించి ఆమె టైటిల్ గెలిచింది. అంటే ఎవరి చేతిలో పెద్ద ఫైనళ్లు ఓడిందో వారినే పెద్ద ఫైనళ్లలో ఓడించింది. దోహా ఫైనల్ ఏడో గేము వరకూ వెళ్లింది, అది తప్పక చూడండి.

మాజీ శిక్షకుడు:

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక చిన్న విభేదం చెబుతాను. సహచరుల చేతిలో ఓడడం వేరు, బయటివారి చేతిలో ఓడడం వేరు అనడం నిజమే కానీ, పారిస్ ఫైనల్‌లో సున్ సర్వీస్‌లు ఊహకు అందేలా ఉన్నాయన్నది నా పరిశీలన. చెన్ మెంగ్ వాటి కోసం ముందే కాచుకుని ఉన్నట్టు కనిపించింది. దోహా ఫైనల్‌ను నేను చూసినప్పుడు సర్వీస్‌లో పొడవు పొట్టి మార్పులు ఎక్కువగా కనిపించాయి. బెజవాడ టీటీ గారూ, మీరు ఆ రెండు ఫైనళ్లను పక్కపక్కన పెట్టి, ప్రతి గేములో ఆమె మొదటి నాలుగు సర్వీస్‌లు బల్ల మీద ఎక్కడ పడ్డాయో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఏమి తేలిందో ఇక్కడ రాయండి, నాకు కనిపించినదే మీకూ కనిపిస్తుందో లేదో తెలుసుకోవాలని ఉంది.