ఇండియన్ గ్రోసరీలో బీరు పెడితే తప్పా?

ప్లానో కొట్టు:
డల్లాస్ పక్కన ప్లానోలో మాది చిన్న ఇండియన్ గ్రోసరీ. శుక్రవారం సాయంత్రం బియ్యం బస్తా, కరివేపాకు తీసుకున్నవాళ్ళే "కింగ్‌ఫిషర్ ఉందా అన్నా?" అని అడుగుతారు. లేదంటే పక్కనున్న గ్యాస్ స్టేషన్‌కి పోతారు. బీరు, వైన్ పర్మిట్‌కి అప్లై చేద్దామని నేనంటున్నా. పసుపు, కుంకుమ అమ్మే కొట్లో అదేం పని అని మా ఆవిడ. మీరేమంటారు?

గోంగూర పచ్చడి:
కాస్ట్‌కోలో బీరు కేసులు దాటుకుంటూ వెళ్ళి పాలు తెచ్చుకుంటాం, అక్కడ లేని పాపం ఇక్కడొచ్చిందా? పెట్టండి అన్నా.

పెన్నా ఒడ్డు:
నేనైతే వద్దంటాను. మా నెల్లూరు వైపు పల్లెల్లో బెల్టు షాపంటే చాలాచోట్ల కిరాణా కొట్టే. ముందు ఉప్పూ పప్పూ, వెనక క్వార్టర్ సీసాలు. కూలి డబ్బులతో బియ్యానికి వచ్చినవాడు వెనక్కి వెళ్ళి ఉత్త సంచితో ఇంటికెళ్ళడం చిన్నప్పుడు చూశాను. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది మా జిల్లాలోనే. 1993లో సారా ఆపారు, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆపారు, 1997కల్లా ఎత్తేశారు. తిండిగింజలు, మందు ఒకే గల్లాపెట్టె దగ్గర అమ్మితే ఎవరి ఇంట్లో పొయ్యి వెలగదో మాకు తెలుసు.

గోంగూర పచ్చడి:
బెల్టు షాపుకి లైసెన్సే ఉండదు కదండీ. ఈయన పర్మిట్ అడిగి పెడతానంటున్నాడు. ప్లానోలో బియ్యం డబ్బులతో బీరు కొనేవాడెవడు?

పెన్నా ఒడ్డు:
తాగుడికి జీతంతో పనేముందండీ. హెచ్‌వన్ వాళ్ళ ఇళ్ళల్లో కూడా చూశాను. ఇంతకంటే చెప్పను.

తొమ్మిదేళ్ళ గ్యాస్ స్టేషన్:
పాపపుణ్యాలు మీరూ మీరూ తేల్చుకోండి. నేను అమ్ముతున్నాను కాబట్టి చెప్తున్నా. పర్మిట్ ఇచ్చేది టీఏబీసీ, అంటే టెక్సస్ మద్యం శాఖ. అది వచ్చినా బీరు, వైన్ వరకే. విస్కీకి వేరే లిక్కర్ స్టోర్ ఉండాలి. ముందు సిటీ, కౌంటీ ఆఫీసుల్లో మీ చోటు 'వెట్', అంటే మందు అమ్మొచ్చు అని సంతకాలు తెచ్చుకోవాలి. డల్లాస్ సిటీలోనే 2010 ఓటింగ్ దాకా కొన్ని పేటలు డ్రైగా ఉండేవి. దగ్గర్లో చర్చి, స్కూలు ఉంటే 300 అడుగుల లోపు అమ్మకూడదన్న రూలు ఉందేమో అడగండి. మందు పర్మిట్ అడుగుతున్నామని కొట్టు బయట 60 రోజులు బోర్డు పెట్టాలి. అంటే పర్మిట్ రాకముందే గుడికొచ్చే ఆంటీలందరికీ తెలిసిపోతుంది!

లాభం అనుకుంటున్నారు కదా, బియ్యం సప్లయర్ నెల అరువిస్తాడు. బీరుకి అరువు లేదు, టెక్సస్ చట్టమే ఒప్పుకోదు. లారీ దిగేలోపు డబ్బు కట్టాలి. పప్పుకి సేల్స్ టాక్స్ లేదు, బీరుకి మన దగ్గర 8.25 శాతం, ఆ లెక్క వేరు. ఇంకోటి, మీకు చాట్ కౌంటర్ ఉందా? మిర్చి బజ్జీ తింటూ అక్కడే క్యాన్ తెరిస్తే చిక్కు మీకే.

అసలు టెన్షన్ ఐడీ దగ్గర. మా స్టేషన్‌లో వచ్చేవాడు ఎవడో నాకు తెలీదు కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతాను. మీ కొట్లో "ఆంటీ, నేను తెలుసుగా" అని మీ స్నేహితుడి కొడుకే వస్తాడు. వాడికి ఇరవయ్యే. మీ ఆవిడ ఐడీ అడగగలదా? మైనర్‌కి, అంటే ఇక్కడ 21 నిండనివాడికి, అమ్మితే క్లాస్ ఎ నేరం, 4,000 డాలర్ల దాకా ఫైన్, ఏడాది దాకా జైలు. టీఏబీసీ వాళ్ళు మైనర్లనే పంపి పరీక్ష పెడతారు కూడా. కౌంటర్లో ఉండే ప్రతి ఒక్కరికీ సెల్లర్ ట్రైనింగ్ చేయించండి.

పెన్నా ఒడ్డు:
ఈయన చెప్పింది నాకంటే గట్టిగా ఉంది.

ప్లానో కొట్టు:
చాట్ కౌంటర్ ఉందండీ, నాలుగు కుర్చీలు కూడా. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. "సరే పెట్టు. కానీ బోర్డున్న 60 రోజులూ కౌంటర్లో నువ్వే కూర్చో, అడిగిన ప్రతి ఆంటీకీ నువ్వే జవాబు చెప్పు" అంది. ఇంకా అప్లికేషన్ తెరవలేదు.