తెలుగులో ఖర్చుల పద్దు యాప్ తెస్తే ఆదాయం వస్తుందా?

ప్రశ్న:
నేనూ నా మిత్రుడూ కలిసి ఇంటి ఖర్చుల పద్దు కోసం తెలుగులో ఒక మొబైల్ యాప్ రూపొందిస్తున్నాం. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లను చదివి ఖర్చులను దానంతట అదే నమోదు చేసుకొనే ఈ యాప్‌ను మొదట ఉచితంగా ఇచ్చి, వాడుకదారులు పెరిగాక ఆదాయం సంగతి చూడాలనుకుంటున్నాం. ఇటువంటి యాప్‌ల వ్యాపారం ఇంతవరకు ఎలా సాగిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం:
‘వాడుకదారులు పెరిగాక’ అన్నచోటే నాకు అభ్యంతరం ఉంది. ఈ రంగంలో పేరున్న యాప్‌లకు జనం కొరత రాలేదు, డబ్బు ఎవరు చెల్లిస్తారన్నదే తేలలేదు. అమెరికాలో 2007లో మొదలైన మింట్ అనే ఖర్చుల పద్దు యాప్‌ను 2009లో ఇన్‌ట్యూట్ సంస్థ 17 కోట్ల డాలర్లకు కొన్నది. లక్షలాది మంది వాడుతున్నప్పటికీ, కార్డులు, రుణాల ప్రకటనల మీద నడిచిన ఆ ఉచిత యాప్‌ను 2024 మార్చిలో మూసివేసి, వాడుకదారులను తన మరో సంస్థ క్రెడిట్ కర్మ వైపు మళ్లించింది. ఏడాదికి వంద డాలర్లకు అటూ ఇటూగా చందా తీసుకొనే వైనాబ్, మోనార్క్ యాప్‌లు మాత్రం నిలబడి, మింట్‌ను వీడినవారిని కూడా చేర్చుకున్నాయి.

మన దేశంలో దారి వేరుగా సాగింది. ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్‌గా పేరు తెచ్చుకున్న వాల్‌నట్‌ను 2018లో, రుణాలిచ్చే క్యాపిటల్ ఫ్లోట్ కొనుగోలు చేసింది. మనీ వ్యూ కూడా ఖర్చుల లెక్కతోనే మొదలై అప్పుల వ్యాపారానికి మారింది. పొదుపు నేర్పుతానని ఇంట్లోకి వచ్చినవాడే అప్పు పుస్తకం తెరవడం నాకైతే రుచించదు గానీ, ఆదాయం దొరికింది అక్కడే.

ఇక ఎస్సెమ్మెస్ సంగతి. వాటిని చదివే అనుమతిపై గూగుల్ 2019 నుంచి గట్టి ఆంక్షలు పెట్టింది కనుక, మీ అవసరాన్ని ముందుగా వివరించి ఆమోదం పొందాలి. ఐఫోన్‌లో ఆ అవకాశమే లేదు. పైగా 2024 జూన్ 25 నుంచి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 100 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు ఎస్సెమ్మెస్ పంపడం మానేసింది. టీ, కూరగాయలు, ఆటో వంటి, మనిషి తానుగా గుర్తుపెట్టుకోని ఖర్చులే మీ లెక్కలోంచి జారిపోతాయన్నమాట.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఎస్సెమ్మెస్‌లకు బదులుగా, బ్యాంకు ఖాతా వివరాలను ఒక సంస్థ నుంచి మరో సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ ద్వారా వాటిని తీసుకోవచ్చు కదా? చందా ఎంత పెడితే గిట్టుబాటవుతుంది?

మరో సభ్యురాలి సమాధానం:
2021 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన ఆ వ్యవస్థలో ఖాతాదారు సమ్మతితో వివరాలు అందుకోవాలంటే, అందుకొనే సంస్థ రిజర్వు బ్యాంకు, సెబీ వంటి ఏదో ఒక ఆర్థిక నియంత్రణ సంస్థ వద్ద నమోదై ఉండాలి. మీరిద్దరూ నేరుగా చేరలేరు. అర్హత ఉన్న సంస్థతో ఒప్పందం కుదుర్చుకోవాలి, దాని ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

చందా విషయానికి వస్తే, ఏడాదికి 499 రూపాయలు పెట్టారనుకోండి. జీఎస్టీ 18 శాతం, ప్లే స్టోర్ రుసుము 15 శాతం పోగా మీ చేతికి 350 రూపాయల చుట్టుపక్కల మిగులుతుంది. మీ ఇద్దరికీ నెలకు చెరో 50,000 రూపాయలు రావాలంటే, సర్వర్లు, ప్రచారం ఖర్చు పక్కన పెట్టినా, ఏటా దాదాపు 3,400 మంది చందా కట్టాలి. అది అసాధ్యమేమీ కాదు గానీ, భాష ఒక్కటే చూసి ఎవరూ కట్టరు. చీటీ పాట పాడినప్పుడు వచ్చిన మొత్తం, నెలనెలా మారే చీటీ వాయిదా, డ్వాక్రా సంఘం కిస్తీ, బంధువులకిచ్చిన చేబదులు, పాల లెక్క: ఇవేవీ విదేశీ యాప్‌ల పట్టికల్లో ఇమడవు, బ్యాంకు సందేశాల్లో సరిగా కనబడవు. అందుచేత ముందుగా చేత్తో నమోదు చేసుకొనే చిన్న యాప్‌ను తయారుచేసి, మీకు తెలిసిన కొన్ని కుటుంబాలకు మొదటి నెల నుంచే డబ్బు తీసుకొని ఇవ్వండి. మూడో నెలలో కూడా పద్దు రాస్తున్నవారు ఎందరో చూశాకనే అగ్రిగేటర్ ఒప్పందం గురించి మాట్లాడండి.