గ్రీకు తత్వవేత్తలకీ ఇప్పటి సైన్సుకీ నిజంగా లింకు ఉందా?

అమలాపురం బీఎస్సీ:
డెమోక్రిటస్ దాదాపు 2400 ఏళ్ల కిందటే అణువు గురించి చెప్పాడు కాబట్టి కెమిస్ట్రీ అంతా అక్కడినుంచే వచ్చిందని మా క్లాసులో చెప్పారండి. నాకు ఒప్పబుద్ధి కావట్లేదు. ఆయన ఒక్క ప్రయోగం చేసింది లేదు, ఊహ కుదిరింది అంతే, ఊహ కుదిరితే సైన్స్ అయిపోద్దా? పరీక్ష కోసం కాదండి, తెలుసుకోవాలనే అడుగుతున్నా.

రాజమండ్రి మాస్టారు:
అనుమానం సబబే. 1808లో ఇంగ్లండు కెమిస్టు డాల్టన్ అణువుల మీద పుస్తకం వేసేటప్పటికి చేతిలో బరువుల లెక్కలున్నాయి, డెమోక్రిటస్ దగ్గర అవేం లేవు. కానీ ముక్కని కోసుకుంటూ పోతే ఎక్కడైనా ఆగుద్దా ఆగదా అన్న ప్రశ్న మాత్రం వాళ్లదే, అది అంత తేలిగ్గా తేలలేదు బాబూ, ఆస్ట్వాల్డ్ అంతటి కెమిస్టే అణువులు లేవని వాదించి 1908లో నీళ్లలో సన్న రేణువుల కదలిక మీద పెరాన్ అనే ఫ్రెంచి ఆయన కొలతలు వచ్చాకే ఒప్పుకున్నాడు.

కాకినాడ హార్బర్:
నన్నడిగితే అణువు వదిలేసి అరిస్టాటిల్ చేపలు చూడండి. లెస్బోస్ దీవిలో ఉప్పునీటి కయ్య దగ్గరుండి, వేటగాళ్లని అడిగి, చేపల్ని కోసి చూసి రాసుకున్నాడు. ఒక రకం సొరలో పిల్ల తల్లి కడుపులో బొడ్డుతాడుతో అతుక్కుని పెరుగుద్దని రాస్తే చాలామంది నమ్మలేదండి, 1842లో యోహన్నెస్ ముల్లర్ అనే జర్మన్ ఆయన మళ్లీ కోసి చూసి నిజమేనన్నాడు. మన పాలసొర కూడా అంతే, కడుపుతో ఉన్నదాన్ని కోస్తే పిల్లలు ఆ తాడుతో సహా బయటికొస్తాయి. లింకు అంటే నాకు ఇదే కనపడుద్ది, ఆయన చూసిందాన్ని ఇంకొకడు మళ్లీ చూడగలిగాడు.

యానాం:
అదే అరిస్టాటిల్ ఈల్ చేపలో ఎప్పుడూ గుడ్లు దొరకలేదని అవి బురదలోంచి పుడతాయని కూడా రాశాడు కదండీ. నిజానికి ఈల్‌కి గుడ్లు తయారయ్యేది అది దూరం సముద్రంలోకి వెళ్లిపోయేటప్పుడు, ఏట్లో పట్టి కోస్తే ఏం కనపడుద్ది? తేనెటీగల పుట్టుక దగ్గర మాత్రం, ఇంకా సరిగ్గా తెలీదు, తెలిసిన రోజున వాదన కన్నా కంటికి కనపడిందే నమ్మాలి అని ఆయనే రాసుకున్నాడు. తర్వాతోళ్లు ఈ మాట వదిలేసి బురద మాట పట్టుకున్నారు, నాకు కోపం వాళ్లమీదే. 1668లో ఫ్రాన్సిస్కో రెడీ అనే ఇటలీ ఆయన మాంసం మీద గుడ్డ కప్పి చూసేదాకా పురుగులు వాటంతటవే పుడతాయనే నమ్మారు.

అమలాపురం బీఎస్సీ:
గుడ్డ కప్పితే ఏమైందండి?

యానాం:
మాంసానికి పురుగు పట్టలేదు. ఈగలు ఆ గుడ్డ మీదే గుడ్లు పెట్టాయి.